అమానతు మోసిన చక్రాలు

లారీ డ్రైవరు అనగానే మన సమాజంలో చాలామంది ముఖం చిట్లిస్తారు. ఆ మాటతోపాటు దుమ్ము, మసి, బీడీ వాసన, రోడ్డు ప్రమాదం గుర్తుకొస్తాయే తప్ప మనిషి గుర్తుకు రాడు. కాని ఈ ఉదయం మన ఇంట్లో వండిన బియ్యం, కూరలో పడిన ఉప్పు, పిల్లవాడు వేసుకున్న చొక్కా, జబ్బుపడ్డ తల్లికి పట్టిన మందు, ఇవన్నీ ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు కంటినిండా నిద్రలేకుండా మోసుకొచ్చినవే. మోసుకొచ్చినవాడి పేరు మనకు తెలియదు. తెలుసుకోవాలని మనం ఏనాడూ అనుకోలేదు.

విజయవాడ ఆటోనగర్‌లోగాని, గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లోగాని, హైదరాబాద్‌ ఉస్మాన్‌గంజ్‌ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల దగ్గరగాని డెబ్బై ఏళ్లు దాటిన పాత డ్రైవర్లు నలుగురు కూర్చుంటే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి బండి దగ్గరికే చేరతాయి. ఎవరు ఏ బండి తోలారు, ఏ ఘాట్‌లో ఎవరికి బ్రేకు ఫెయిలయింది, ఏ ఏటి ఒడ్డున ఎన్ని రోజులు ఆగిపోయారు అన్నదే ముచ్చట. వారిలో ముస్లింల సంఖ్య తక్కువేమీ కాదు. తాతలు దూది ఏకినవారు, జట్కా తోలినవారు, చిన్న చిన్న చేతిపనులు చేసినవారు; తండ్రులు, కొడుకులు స్టీరింగ్‌ పట్టారు, స్పానర్‌ పట్టారు. మోటారు వాహనాల మరమ్మతు, రోడ్డు రవాణా వంటి పనులలో ముస్లింల వాటా ఎక్కువగా ఉన్నదని 2006లో వచ్చిన సచార్‌ కమిటీ నివేదిక కూడా పేర్కొన్నది. కనుక ఈ ముచ్చట్లు వాళ్ల వ్యక్తిగత జ్ఞాపకాలు మాత్రమే కావు. మన ఇళ్ల చరిత్ర కూడా వాటిలోనే ఉన్నది.

బెంజి, లేలాండ్‌, ఫార్గో

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన పాత షెవర్లే, ఫోర్డ్‌ లారీలు చాలామందికి తొలి బండ్లు. వాటినే 'మిలిటరీ డిస్పోజల్‌ బండ్లు' అనేవారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచిన రోజులను తమ తండ్రుల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. తర్వాత బొంబాయి కుర్లాలో ప్రీమియర్‌ ఆటోమొబైల్స్‌ వారు తయారుచేసిన డాడ్జ్‌, ఫార్గో లారీలు వచ్చాయి. పెట్రోలు ఇంజను తాగే ఖర్చు భరించలేక మద్రాసు సింప్సన్‌ వారి పెర్కిన్స్‌ డీజిలు ఇంజను బిగించుకున్న యజమానులు ఎందరో.

1954లో టాటా కంపెనీ జర్మనీకి చెందిన డైమ్లర్‌ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. ముందు భాగాన మూడు కొమ్మల నక్షత్రం గుర్తుతో వచ్చిన ఆ బండే మన 'బెంజి లారీ'. 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం స్థానంలో 'టి' అక్షరం వచ్చినా జనం నోట అది బెంజి లారీగానే మిగిలిపోయింది. 1210 మోడలు దశాబ్దాలపాటు మన రోడ్లను ఏలింది. 12 అంటే సరుకుతో సహా బండి మొత్తం బరువు పన్నెండు టన్నులని, 10 అంటే ఇంజను బలం సుమారు వంద గుర్రాలని డ్రైవర్లు వేళ్లమీద లెక్క చెప్పేవారు. మరోవైపు మద్రాసు ఎన్నూరులో 1948లో పుట్టిన అశోక్‌ మోటార్స్‌ 1955లో అశోక్‌ లేలాండ్‌ అయింది. లేలాండ్‌ కామెట్‌ తోలినవారు బెంజిని చిన్నచూపు చూడటం, బెంజి తోలినవారు లేలాండ్‌ను ఎగతాళి చేయడం ఈనాటికీ ఆగలేదు.

అప్పట్లో కంపెనీ ఇచ్చేది ఛాసిస్‌ మాత్రమే. ఇంజను, చక్రాలు, స్టీరింగ్‌ తప్ప తలమీద కప్పు కూడా ఉండేది కాదు. ఆ అస్థిపంజరం మీదే కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, జంషెడ్‌పూర్‌ నుంచి ఎండకూ వానకూ ఓర్చుకుంటూ రోజుల తరబడి తోలుకొచ్చేవారు. ఇక్కడికి వచ్చాక వడ్రంగి, కమ్మరి, పెయింటరు కలిసి దానికి ఒళ్లు కట్టేవారు. విజయవాడ ఆటోనగర్‌ ఎదిగింది ఈ పనితనం మీదే. క్యాబిన్‌ పైభాగాన యజమాని కొలిచే దేవుడి బొమ్మ, డ్రైవరు కోరిక మీద ఒక మూల 786, వెనుక 'హారన్‌ ప్లీజ్‌', పక్కన నెమలి. తిరుపతి వెంకన్న, మక్కా చిత్రం ఒకే అద్దం ముందు పక్కపక్కన కూర్చుని వేల మైళ్లు తిరిగిన బండ్లు మన రాష్ట్రంలో లెక్కలేనన్ని.

ఆ బండి తోలడం నేటి కుర్రవాళ్లు అనుకునేంత సులువు కాదు. పవర్‌ స్టీరింగ్‌ లేదు. లోడుతో మలుపు తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. గేరు మార్చాలంటే క్లచ్‌ రెండుసార్లు తొక్కి, ఇంజను శబ్దం విని, సరైన క్షణంలో గేరు వెయ్యాలి. లేకపోతే పళ్లు గరగరలాడేవి. ఇంజను వేడి కాళ్లకు తగిలి వేసవిలో అరికాళ్లు బొబ్బలెక్కేవి. ఘాట్‌ ఎక్కిన గేరులోనే దిగాలన్నది ఎవరూ కాగితం మీద రాయని చట్టం. శ్రీశైలం దారిలో నల్లమల ఘాట్‌, గోదావరి జిల్లాల ఏజెన్సీలో మారేడుమిల్లి ఘాట్‌, బెంగుళూరు దారిలో మొగిలి ఘాట్‌ పేర్లు చెబితే పాతవారు ఇప్పటికీ ఒక్క క్షణం మాట ఆపుతారు. 1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు–రైలు వంతెన వచ్చేదాకా గోదావరి దాటడమే ఒక ప్రయాణం. వరద వస్తే బండి ఒడ్డునే, మనిషి బండి కిందే.

ఉస్తాద్‌, షాగిర్ద్‌

డ్రైవింగ్‌ స్కూళ్లు లేని ఆ కాలంలో లారీయే మదర్సా. పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడు క్లీనరుగా ఎక్కేవాడు. తెల్లవారుజామున బండి తుడవడం, టైర్లు సుత్తితో కొట్టి గాలి చూడటం, రేడియేటరులో నీళ్లు పోయడం, టార్పాలిన్‌ పరిచి మోకు బిగించడం, ఎత్తు మీద బండి ఆగితే పరుగున దిగి చక్రం కింద చెక్కదిమ్మ పెట్టడం, ఇవి అతని పాఠాలు. డ్రైవరును 'ఉస్తాద్‌' అని పిలిచేవాడు. హిందూ క్లీనరైనా, ముస్లిం క్లీనరైనా పిలుపు అదే. మన ఉర్దూ మాట ఒకటి కులమతాలకు అతీతంగా రోడ్డు మీద ఇంత గౌరవం పొందడం విశేషమే.

కొందరు ఉస్తాద్‌లు కొట్టేవారు, తిట్టేవారు, నెలల తరబడి స్టీరింగ్‌ తాకనిచ్చేవారు కాదు. కొందరు తమ ప్లేటులోదే పెట్టి, చలిరాత్రి తమ దుప్పటి కప్పి, ఖాళీ రోడ్డు మీద పక్కన కూర్చుని తోలడం నేర్పేవారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పేటప్పుడు పాత డ్రైవర్ల కళ్లలో నీళ్లు తిరిగేది ఈ రెండవ రకం ఉస్తాద్‌లను తలచుకున్నప్పుడే.

దివ్యఖుర్‌ఆన్‌ నిసా సూరా 36వ ఆయతులో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, ఇరుగుపొరుగువారితోపాటు పక్కన ఉండే సహచరుని పట్ల కూడా మంచిగా మెలగాలన్న ఆదేశం ఉన్నది. ఈ సహచరుడు అన్న మాటకు ప్రయాణంలో తోడుండేవాడని కూడా ధర్మవేత్తలు అర్థం చెప్పారు. క్లీనరు కన్నా దగ్గరి ప్రయాణ సహచరుడు ఎవరుంటారు? మన కింద పనిచేసేవారికి మనం తినేదే పెట్టాలని, వారి శక్తికి మించిన పని చెప్పరాదని, చెప్పవలసివస్తే మనమూ చెయ్యి వేయాలని దైవప్రవక్త (స) బోధించారు. లారీ క్యాబిన్‌ చాలా ఇరుకు. ఈ బోధనను ఆచరించామా లేదా అన్నది తెలియడానికి ఆ ఇరుకు చోటు చాలు.

బిడారులనాటి బాధ్యత

సరుకు రవాణాను చిన్న పనిగా చూసేవారు ఒక విషయం మరచిపోతారు. ఖురైషీయుల బ్రతుకు చలికాలపు, వేసవికాలపు వర్తక ప్రయాణాల మీద ఆధారపడి ఉండేదని ఖురైష్‌ సూరా గుర్తుచేస్తున్నది. స్వయంగా దైవప్రవక్త ముహమ్మద్‌ (స) ప్రవక్తృత్వానికి ముందు హజ్రత్‌ ఖదీజా (ర) గారి సరుకుతో సిరియా దేశానికి బిడారులో వెళ్లారు. ఇతరుల సొత్తును నిజాయితీగా చేర్చి, లెక్క అప్పగించారు. ఆ నిజాయితీయే ఆయనకు 'అమీన్‌' అన్న పేరు నిలబెట్టింది. ఇతరుల సరుకు దూరదేశం చేర్చి నయాపైసతో సహా లెక్క చెప్పే డ్రైవరు, తెలిసో తెలియకో, ఆ మహోన్నత సంప్రదాయంలో నడుస్తున్నవాడే.

అప్పగింతలను వాటి హక్కుదారులకు చేర్చాలన్నది నిసా సూరా 58వ ఆయతులోని ఆజ్ఞ. పాతరోజుల్లో ఈ ఆజ్ఞకు పరీక్ష ప్రతి ట్రిప్పులోనూ ఎదురయ్యేది. సెల్‌ఫోను లేదు, బండి ఎక్కడున్నదో చూపే యంత్రం లేదు. గుంటూరులో మిర్చి బస్తాలు ఎక్కిన లారీ బొంబాయి చేరేదాకా యజమానికి కబురు ఉండేది కాదు. దారిలో డీజిలు తీసి అమ్ముకోవడానికి, బస్తాకు చిల్లు పెట్టి రెండు కిలోలు లాగడానికి, లెక్కలేని మనుషులను ఎక్కించి డబ్బు జేబులో వేసుకోవడానికి అడ్డు ఎవరూ లేరు. అడ్డు ఉన్నదల్లా మనసులోని దైవభీతి ఒక్కటే. తప్పు చేసినవారు లేకపోలేదు. కాని తడిసిన బస్తాలు ఆరబోసి, లెక్కకు ఒక్క బస్తా తగ్గకుండా దించి, అప్పుడు మాత్రమే కాఫీ తాగిన వారూ ఉన్నారు. కావలి లేనిచోట నిలబడిన నిజాయితీకే విలువ ఎక్కువ.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన పది వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతి రోజుల్లో బియ్యం, దుప్పట్లు, మందులతో లారీలు అవనిగడ్డ వైపు సాగాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల పాత డ్రైవర్లు ఆ ప్రయాణాల గురించి ఎక్కువ మాట్లాడరు. విరిగిన చెట్లు, రోడ్డు పక్కన పశువుల కళేబరాలు, ఊరనేదే లేని చోట ఎవరికి దించాలో తెలియని సరుకు. బండి బలం, ఇంజను గొప్ప చెప్పుకునే నోళ్లు ఆ ఒక్కచోట మూతపడతాయి. సరుకు మోయడం అంటే ప్రాణం మోయడమని వారికి అర్థమైన రోజులు అవి.

దారిలో నమాజు, దారిలో రోజా

ఇస్లాం ప్రయాణికుణ్ణి మరువలేదు. ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్‌ నమాజును రెండు రకాతులకు కుదించుకునే వెసులుబాటు నిసా సూరా 101వ ఆయతు ఆధారంగా ఉన్నది. రమజాను ఉపవాసాలను ప్రయాణంలో మానుకుని తరువాత లెక్క పూర్తిచేసుకోవచ్చునని బఖరా సూరా 184, 185 ఆయతులు చెబుతున్నాయి. నీళ్లు దొరకనిచోట తయమ్ముమ్‌ ఉన్నది. ధర్మం ఇంత సులువు చేసినప్పుడు 'దారిలో ఉన్నాం, కుదరదు' అన్న మాటకు చోటెక్కడిది? పాతవారిలో కొందరు సీటు వెనుక జానిమాజు మడిచి పెట్టుకునేవారు. రేడియేటరు కోసం తెచ్చిన డబ్బా నీళ్లలోంచే వుజూ చేసి, రోడ్డు పక్కన చింతచెట్టు కింద నిలబడేవారు. ఖిబ్లా తెలియకపోతే పొద్దును చూసి తేల్చుకునేవారు.

రమజాను రాత్రుల ముచ్చట మరీ ఇంపుగా చెబుతారు. హైవే మీద ఢాబా నడిపేది ఏ పంజాబీ సర్దారో, ఏ రెడ్డిగారో అయి ఉండేది. సహరీ వేళకు పొయ్యి రాజేసి, 'సాయిబుగారూ, టైమైంది, లేవండి' అని లేపి, వేడి రొట్టె పెట్టిన మనుషులను వారు పేరుపేరునా తలచుకుంటారు. దసరాకు బండికి ఆయుధపూజ చేస్తే ముస్లిం మెకానిక్‌కు కొత్త బట్టలు అందేవి. రమజానుకు డ్రైవరు ఇంటి షీర్‌ ఖుర్మా యజమాని ఇంటికి వెళ్లేది. ఎవరి ధర్మం వారిది, ఒకరి మీద ఒకరికి ఉన్న భరోసా మాత్రం ఇద్దరిదీ.

బండి ఎక్కేటప్పుడు చదివే దుఆకు మూలం జుఖ్రుఫ్‌ సూరా 13, 14 ఆయతులు. వాహనం మన అదుపులోకి వచ్చింది మన శక్తి వల్ల కాదని, అల్లాహ్‌ అనుగ్రహం వల్లనేనని, చివరికి మనం మరలిపోవలసింది ఆయన వద్దకేనని ఆ దుఆ గుర్తుచేస్తుంది. స్టీరింగ్‌ చేతికి రాగానే తలకెక్కే గర్వానికి ఇంతకన్నా మంచి మందు లేదు.

ఆ రోజులు అంత మంచివేనా?

పాత బండి మీది మమకారంలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. జ్ఞాపకం తీపిని నిలుపుకుని చేదును వదిలేస్తుంది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అన్యాయాలు చాలా ఉండేవి.

మొదటిది అధిక లోడు. పన్నెండు టన్నుల బండి మీద పద్దెనిమిది, ఇరవై టన్నులు ఎక్కించి, కమాన్‌ కట్టలు చదునైపోయినా తోలినవారే గొప్ప డ్రైవర్లని పేరు. అదనపు లోడుకు రుసుము కట్టించుకుని కార్డులు, టోకెన్లు ఇచ్చి వదిలేసే పద్ధతిని కొన్ని రాష్ట్రాలు నడిపాయి. 2005 నవంబరులో సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టింది. పదునాలుగు వందల ఏళ్ల క్రితమే ఒక ఒంటె దైవప్రవక్త (స) ను చూసి కన్నీరు పెట్టుకున్నదని, యజమాని దానిని ఆకలితో ఉంచి అలసిపోయేలా పని చేయిస్తున్నాడని తెలిసి ఆయన మందలించారని హదీసులో ఉన్నది. మూగజీవి విషయంలోనే అంత పట్టింపు ఉంటే, బ్రేకు పట్టని బండికింద పడే మనిషి ప్రాణం మాటేమిటి?

రెండవది నిద్ర. రెండు రాత్రులు వరుసగా తోలడం మగతనంగా చెప్పుకునేవారు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని పని హద్దు పెట్టింది. ఆ హద్దు కాగితం దాటి క్యాబిన్‌లోకి ఎక్కడం అరుదు. కునుకు వస్తుంటే నమాజు కూడా ఆపి నిద్రపోవాలని దైవప్రవక్త (స) చెప్పారు. అల్లాహ్‌ ముందు నిలబడటానికే నిద్రమత్తు పనికిరానప్పుడు, పదిమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని స్టీరింగ్‌ ముందు కూర్చోవడానికి పనికివస్తుందా? అలాగే రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి మీద కాకుండా పక్కకు దిగాలన్నది ఆయన మరో హితవు. వెనుక లైటు లేకుండా రోడ్డు మీదే నిలిపిన లారీని గుద్దుకుని ఎన్ని కుటుంబాలు ఆరిపోయాయో మనకు తెలుసు. ఈ ఒక్క హదీసును పాటిస్తే ఎన్ని ఇళ్లలో దీపాలు నిలిచేవో!

మూడవది ఇల్లు. నెలకు నాలుగు రోజులు ఇంటి ముఖం చూస్తే గొప్ప. బిడ్డ పుట్టిన వార్త ఎదురొచ్చిన మరో లారీ డ్రైవరు చెబితే తెలిసేది. తండ్రి జనాజాకు అందని కొడుకులున్నారు. పిల్లల చదువు, జబ్బులు, అప్పులు, అన్నీ ఒంటరిగా లాక్కొచ్చిన ఆ తల్లుల గురించి ఏ లారీ వెనుకా రాయలేదు. ప్రయాణం యాతనలో ఒక భాగమని, పని ముగియగానే త్వరగా ఇంటివారిని చేరుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. బెంజి లారీ ముచ్చట చెప్పే పెద్దాయన పక్కన కూర్చున్న ఆయన భార్యను అడిగితే ఆ కథ వేరుగా ఉంటుంది. ఆమె కథ కూడా వినాలి.

మన బాధ్యత ఏమిటి?

బండ్లు మారాయి. 1986లో టాటా 407 వచ్చాక, జహీరాబాద్‌లో ఆల్విన్‌ నిస్సాన్‌ వంటి చిన్న లారీలు తయారయ్యాక ఊళ్లలో సరుకు పంపిణీ రూపే మారిపోయింది. 2017 జూలైలో జి.ఎస్‌.టి. రాకతో వాణిజ్యపన్నుల చెక్‌పోస్టుల దగ్గర గంటల తరబడి పడిగాపులు తప్పాయి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏ.సి. తప్పనిసరి అయింది. అరికాళ్లు కాలిన తరానికి ఇది ఆలస్యంగా దక్కిన న్యాయం. దక్కింది మాత్రం వారి మనవలకు.

ఆ తరం ఇప్పుడు ఎక్కడున్నది? మోకాళ్లు అరిగాయి, ఇంజను హోరుకు చెవులు మందగించాయి, కంటిచూపు తగ్గి లైసెన్సు రెన్యువల్‌ ఆగిపోయింది. చాలామందికి పి.ఎఫ్‌. లేదు; నెలకొక యజమాని మారిన మనిషికి ఎవరు కడతారు? అసంఘటిత కార్మికుల కోసం 2021లో ప్రారంభమైన ఈ–శ్రమ్‌ నమోదు కూడా 16 నుంచి 59 ఏళ్ల వారికే. ముప్ఫయి, నలభై ఏళ్లు ఊరందరి సరుకు మోసినవారు ఇప్పుడు కొడుకు చేతివైపు చూడవలసి వస్తున్నది.

అత్‌తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో నిరుపేదలు, అప్పులపాలైనవారు, బాటసారులు ఉన్నారు. పాత డ్రైవర్లలో ఈ వర్గాలకు చెందినవారు ఎందరో. వారు చెయ్యి చాచరు. స్టీరింగ్‌ పట్టిన చెయ్యి అంత తేలికగా చాపలేదు. కనుక మస్జిదు కమిటీలు, బైతుల్‌మాల్‌ నిర్వాహకులు వారి గడప వెతుక్కుంటూ వెళ్లాలి. ఏడాదికొకసారి కంటి పరీక్ష, అద్దాలు, మోకాళ్లకు మందు, వృద్ధాప్య పింఛను దరఖాస్తు నింపిపెట్టే ఒక చదువుకున్న కుర్రవాడు, ఇవేవీ మహల్లాకు పెద్ద భారం కావు.

లారీలు, వ్యాన్లు ఉన్న సోదరులకు ఒక మనవి. కార్మికుడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు ట్రిప్పు బేటాకు కూడా వర్తిస్తుంది. లెక్క తేలలేదన్న సాకుతో డ్రైవరు డబ్బు నెలల తరబడి ఆపడం, ఇన్సూరెన్సు కట్టని బండి చేతికివ్వడం అమానతులో ఖియానతే.

ఈనాడు సెల్‌ఫోను చూపించే నిమిషాల లెక్కతో మోటారు సైకిళ్ల మీద, చిన్న వ్యాన్లలో సరుకులు చేరవేస్తున్న మన పిల్లలకు కూడా ఒక మాట. ఒంటెను కట్టకుండా వదిలి అల్లాహ్‌ మీద భారం వేయవచ్చునా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి, తరువాత భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పారు. హెల్మెట్‌ పెట్టుకోవడం, బ్రేకులు చూసుకోవడం, నిద్ర వస్తే ఆగడం మన కాలపు ఒంటెను కట్టడమే. పది నిమిషాలు ఆలస్యమైతే పోయేది కొద్దిపాటి సొమ్ము. ఇంటి దగ్గర తలుపు వైపు చూస్తూ కూర్చున్న తల్లికి ఆ సొమ్ముతో ఏ లెక్కా సరిపోదు.

మీరు ఎంతో శ్రమపడితే తప్ప చేరలేని చోట్లకు పశువులు మీ బరువులు మోస్తున్నాయని, మీకు తెలియని వాహనాలను కూడా అల్లాహ్‌ సృష్టిస్తాడని నహ్ల్‌ సూరా 7, 8 ఆయతులు సూచిస్తున్నాయి. ఒంటె పోయి బండి వచ్చింది, బండి పోయి బెంజి వచ్చింది, బెంజి పోయి మరొకటి వచ్చింది. ఇనుము పాత సామాన్ల దుకాణానికి చేరక తప్పదు. దానిని తోలిన మనిషి మాత్రం మన వీధిలోనే, మన వరుసలోనే నమాజుకు నిలబడుతున్నాడు. ఈ శుక్రవారం సలాం చెప్పి, ఆయన ఏ బండి తోలేవాడో అడగండి. ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదా అని కూడా అడగండి.